26 ఓముల గీజరు, 39 ఓముల బల్బు: మీటరు తప్పు చెప్పలేదు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఒకాయన కొత్తగా డిజిటల్ మల్టీమీటరు కొన్నారు. ఇంట్లో గీజరు మీద 2000 వాట్లు, 230 వోల్టులు అని రాసి ఉంది. ప్లగ్గు తీసి పిన్నుల మధ్య కొలిస్తే 26 ఓములు వచ్చింది. 230ని 230తో గుణించి 26తో భాగిస్తే దాదాపు 2035 వాట్లు. లెక్క కుదిరిందని సంతోషపడి, అదే ఊపులో పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బును కొలిచారు. 39 ఓములు! లెక్క వేస్తే 1356 వాట్లు తేలింది. 75 వాట్ల సీలింగ్ ఫ్యానుకు 210 ఓములు, అంటే 252 వాట్లు. మీటరు పాడా, ఫార్ములా తప్పా అని అడుగుతున్నారు. పొలంలో ఉన్న 5 హెచ్‌పీ బోరు మోటారు లెక్క కూడా కావాలట. చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు ఇంకో మాట రాశారు. గీజరు ప్లగ్గు బాగా వేడెక్కుతోంది, సాకెట్‌లో ఒక రంధ్రం చుట్టూ గోధుమ రంగు తేలింది. మెకానిక్‌ను పిలిచి గీజరు నడుస్తుండగా కొలిపిస్తే మెయిన్ బోర్డు దగ్గర 225 వోల్టులు, గీజరు టెర్మినళ్ల దగ్గర 214 వోల్టులు, వైరు చుట్టూ పట్టించే క్లాంప్ మీటరులో 8.1 ఆంపియర్లు వచ్చాయి. బోర్డు నుంచి బాత్‌రూమ్‌కు 20 మీటర్లు, వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది.

మీరు ఆఖర్న రాసిందే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. సాకెట్ మార్చేదాకా ఆ గీజరు వేయకండి. ఎందుకో లెక్కతో సహా చివర్లో చెబుతాను. ఆ లెక్క అర్థం కావాలంటే ముందు మిగతావి తేలాలి.

నేను ముప్ఫై ఏళ్లుగా మోటార్ వైండింగ్ పని చేస్తున్నాను. మీ మీటరు బాగానే ఉంది, ఫార్ములా కూడా సరైనదే. తేడా ఎక్కడొచ్చిందంటే, మీరు ఓములను ఒక పరిస్థితిలో కొలిచారు, వోల్టులను ఇంకో పరిస్థితి నుంచి తెచ్చారు. చల్లగా, కదలకుండా ఉన్న వస్తువు రెసిస్టెన్స్‌ను (కరెంటును అడ్డుకునే గుణం, ఓముల్లో కొలిచేది) తీసుకుని, పనిచేస్తున్న వస్తువుకు అందే 230తో కలిపారు. గీజరు విషయంలో ఆ రెండు పరిస్థితులకూ పెద్ద తేడా లేదు కాబట్టి కుదిరింది. బల్బు దగ్గర, ఫ్యాను దగ్గర కుదరలేదు.

ఈ తికమకలో మన భాషకూ కొంత వాటా ఉంది. "కరెంటు పోయింది" అంటాం, నిజానికి పోయింది వోల్టేజి. "కరెంటు బిల్లు" అంటాం, కట్టేది యూనిట్లకు, అంటే వాడిన శక్తికి. "కరెంటు తక్కువగా వస్తోంది" అంటే లో వోల్టేజి అని అర్థం. ఒకే మాటతో మూడు పనులు చేయిస్తాం. కింద నేను కరెంటు అన్న ప్రతిచోటా ఆంపియర్లే అనుకోండి.

వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓములు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. అసలు సూత్రాలు ఈ రెండే. మీరు వాడిన "వోల్టుల వర్గం బై ఓములు", దానికి జోడీ అయిన "ఆంపియర్ల వర్గం ఇంటూ ఓములు" అన్నవి ఈ రెండింటినీ కలిపితే వచ్చినవే. షరతు ఒక్కటే, వోల్టులు, ఆంపియర్లు రెండూ ఒకే వస్తువు మీద, ఒకే సమయంలో, అది పనిచేస్తుండగా తీసుకున్నవి అయ్యుండాలి.

మీ మెకానిక్ తీసుకున్న కొలతలు సరిగ్గా అలాంటివే. గీజరు టెర్మినళ్ల దగ్గర 214 వోల్టులు, 8.1 ఆంపియర్లు. భాగిస్తే 26.4 ఓములు, గుణిస్తే 1733 వాట్లు. చల్లగా ఉన్నప్పుడు మీకు 26 వచ్చింది, వేడిగా నడుస్తున్నప్పుడు 26.4. తేడా అంత తక్కువ ఉండటానికి కారణం నైక్రోమ్. హీటింగ్ ఎలిమెంట్ లోపల ఉండే నికెల్-క్రోమియం తీగ ఎర్రగా కాలినా దాని రెసిస్టెన్స్ పెద్దగా మారదు. అందుకే గీజరు, ఇస్త్రీ పెట్టె, ఇమ్మర్షన్ రాడ్డు, కాయిల్ స్టవ్వు వంటివాటిని చల్లగా ఉన్నప్పుడు కొలిచి వాట్లు లెక్కగట్టవచ్చు. ఈ రకం వస్తువుల్లో లేబులు కన్నా కొంచెం అటూ ఇటూ రావడం మామూలే. తయారీ ప్రమాణాలు పైకి 5 శాతం, కిందికి 10 శాతం దాకా ఒప్పుకుంటాయి. 2000 వాట్ల గీజరుకు 25 నుంచి 29 ఓముల మధ్య ఎంత వచ్చినా కంగారు పడక్కర్లేదు.

ఇంకో సంగతి గమనించండి. లేబులు మీద 2000 అని ఉన్నా మీ గీజరు తీసుకుంటున్నది 1733 వాట్లే. హీటరుకు పుట్టుకతో వచ్చేది రెసిస్టెన్స్. వాట్లు మాత్రం ఆ పూట అందే వోల్టేజిని బట్టి మారతాయి. అది కూడా వర్గంలో మారతాయి కాబట్టి వోల్టేజి కొంచెం తగ్గినా దెబ్బ గట్టిగానే తగులుతుంది. 190 వోల్టులే వస్తుంటే 190 ఇంటూ 190 బై 26.4, అంటే సుమారు 1370 వాట్లు. వోల్టేజి ఆరో వంతు తగ్గితే వేడి దాదాపు మూడో వంతు తగ్గింది. 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 0.61 యూనిట్లు కావాలి. 2000 వాట్లయితే పద్దెనిమిది నిమిషాలు, 1370 అయితే ఇరవై ఏడు. "చలికాలం గీజరు పనిచేయట్లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి లో వోల్టేజి, చన్నీళ్లు మరీ చల్లగా ఉండటం, ఈ రెండే కారణాలు. ఎలిమెంట్ మీద పేరుకున్న ఉప్పు పొర సంగతి వేరే.

ఇక బల్బు. దీనిలోని టంగ్‌స్టన్ తీగ నైక్రోమ్‌కు పూర్తిగా వ్యతిరేకం. వెలిగేటప్పుడు అది సుమారు 2500 డిగ్రీల వేడిలో ఉంటుంది, అప్పుడు దాని రెసిస్టెన్స్ చల్లగా ఉన్నప్పటికన్నా పది పదిహేను రెట్లు పెరుగుతుంది. 100 వాట్ల బల్బు 230 వోల్టుల మీద తీసుకునేది 0.43 ఆంపియర్లు. భాగిస్తే 529 ఓములు. మీరు కొలిచిన 39కి ఇది పదమూడు రెట్ల పైన. మీకు వచ్చిన 1356 వాట్లు కూడా అబద్ధమేమీ కాదు, స్విచ్ వేసిన మొదటి క్షణంలో ఆ బల్బు నిజంగానే అంతకు దగ్గరగా లాగుతుంది. 230 బై 39, దాదాపు ఆరు ఆంపియర్లు! తీగ కాలి తెల్లబడేసరికి, సెకనులో చిన్న ముక్క గడిచేసరికి, 0.43కి దిగిపోతుంది. పాత బల్బులు వెలుగుతూ ఉండగా పోవడం తక్కువ. స్విచ్ వేయగానే టప్పున పోయేవి, గుర్తుందా? ఆ ఆరు ఆంపియర్ల దెబ్బే అది.

కొలుస్తుండగానే పరిస్థితి మారిపోయే చిక్కు, ఓము అన్న కొలతకు పేరిచ్చిన ఓమ్ గారికీ తప్పలేదు. ఆయన జర్మనీలోని కొలోన్‌లో బడి పంతులు. మొదట వాడిన బ్యాటరీల వోల్టేజి నిలకడగా ఉండక లెక్కలు కుదరలేదు. అప్పుడు రాగి, బిస్మత్ కలిపిన థర్మోకపుల్‌ను (రెండు చివరల వేడి తేడాతో వోల్టేజి పుట్టించేది) తీసుకుని, ఒక చివర మరిగే నీళ్లలో, ఇంకో చివర మంచులో ఉంచి నిలకడైన వోల్టేజి తెచ్చుకున్నారు. తన నియమాన్ని వివరిస్తూ ఆయన రాసిన పుస్తకం 1827లో వచ్చింది. ఇప్పటికీ బడి పుస్తకంలో ఓమ్ నియమానికి "స్థిర ఉష్ణోగ్రత వద్ద" అన్న షరతు ఉంటుంది. పిల్లలు పరీక్షలో వదిలేసేది కూడా ఆ షరతునే.

ఫిలమెంట్ బల్బు మారిపోయే గుణం మా షాపుల్లో బాగా పనికొస్తుంది. ప్రతి వైండింగ్ షాపులోనూ ఒక సిరీస్ బోర్డు ఉంటుంది. సాకెట్‌కు వెళ్లే ఫేజ్ వైరు మధ్యలో 100 వాట్ల బల్బు ఉంటుంది, అంతే. అనుమానంగా ఉన్న మిక్సీనో ఇస్త్రీ పెట్టెనో ఆ సాకెట్‌లో పెడతాం. లోపల షార్టయితే బల్బు నిండుగా వెలుగుతుంది, అంతకు మించి ఏమీ జరగదు, ఎందుకంటే వేడెక్కిన బల్బు 0.43 ఆంపియర్ల కన్నా ఎక్కువ పోనివ్వదు. తీగ తెగితే బల్బు వెలగదు. అయితే ఇందులో కొత్తవాళ్లు ఒకచోట పడతారు. మీ 26 ఓముల గీజరును సిరీస్ బోర్డు మీద పెడితే బల్బుకే దాదాపు 219 వోల్టులు దక్కుతాయి, గీజరుకు మిగిలేది పదకొండే. బల్బు ఇంచుమించు నిండుగా వెలుగుతుంది. అది చూసి ఎలిమెంట్ షార్టయిందని కొత్తది వేసినవాళ్లను నేనెరుగుదును. అక్కడ మీటరు పెట్టి ఓములు చూడాల్సిందే. ఎల్ఈడీ బల్బుతో సిరీస్ బోర్డు చేద్దామనుకుంటే అసలు పనికిరాదు. దాని లోపల ఉన్న డ్రైవర్ సర్క్యూట్ ఓమ్ గారి మాట వినే రకం కాదు.

ఫ్యానుకు వద్దాం. 210 ఓములు అనేది కాయిల్‌లో చుట్టిన రాగి తీగ ఒక్కదాని రెసిస్టెన్స్. మీ మల్టీమీటరు దానిలోకి పంపింది చిన్న బ్యాటరీ కరెంటు, డీసీ. ఇంట్లో వచ్చేది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగే ఏసీ. ఊగే కరెంటు కాయిల్ చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని కూడా ఊపుతుంది, ఆ ఊగే క్షేత్రం తిరిగి అదే కాయిల్‌లో ఎదురు వోల్టేజి పుట్టిస్తుంది. రాగి అడ్డుకునేదానికి ఈ ఎదురు వోల్టేజి తోడవుతుంది. అంతా కలిపి ఇంపెడెన్స్ అంటాం. ఫ్యాను ఫుల్ స్పీడులో 0.34 ఆంపియర్లు తీసుకుంటుంటే 230 బై 0.34, అంటే 676 ఓములు. దీన్ని ఆపి ఉన్న ఫ్యాను మీద ఏ మల్టీమీటరూ చూపించలేదు.

పవర్ లెక్కలో కూడా ఇంకో గుణకం చేరుతుంది, పవర్ ఫ్యాక్టర్. కాయిల్ ఉన్నచోట వోల్టేజి, కరెంటు కలిసి అడుగులు వేయవు, ఒకటి కొంచెం వెనకబడుతుంది. అందుకని వోల్టులు ఇంటూ ఆంపియర్లు చేస్తే వచ్చేది వోల్ట్-ఆంపియర్లు, దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో గుణిస్తేనే వాట్లు. గీజరుకు అది 1 కాబట్టి మరిచిపోయినా నష్టం లేదు. చవక రకం 9 వాట్ల ఎల్ఈడీ బల్బు 0.08 ఆంపియర్లు లాగుతుంటే గుణకారంలో 18 వస్తుంది, అంతమాత్రాన అది 18 వాట్ల బల్బు కాదు. దాని పవర్ ఫ్యాక్టర్ 0.5.

బోరు మోటారు దగ్గర లెక్క ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. మూడు ఫేజులు కాబట్టి వాట్లు తేలాలంటే 1.732 ఇంటూ వోల్టులు ఇంటూ ఆంపియర్లు ఇంటూ పవర్ ఫ్యాక్టర్. 415 వోల్టులు, 9 ఆంపియర్లు, 0.8 పవర్ ఫ్యాక్టర్ అనుకుంటే సుమారు 5175 వాట్లు, గంటకు ఐదు యూనిట్ల పైచిలుకు. 5 హెచ్‌పీ అంటే 3730 వాట్లే కదా అంటారేమో. హెచ్‌పీ అనేది మోటారు షాఫ్టు మీద ఇచ్చే పని, మిగిలింది మోటారు లోపల వేడిగానూ రాపిడిగానూ పోయేది.

ఇప్పుడు ఆ మోటారు మూడు వైర్లలో రెండింటి మధ్య మల్టీమీటరు పెట్టండి, నాలుగు ఓములకు అటూ ఇటూ వస్తుంది. 415ని నాలుగుతో భాగిస్తే నూరు ఆంపియర్ల పైన! అంత లాగితే కేబులు కాలిపోవాలి. నడిచే మోటారును కాపాడుతున్నది మళ్లీ ఆ ఎదురు వోల్టేజే. బోరులో ఇసుక చేరి పంపు బిగుసుకుపోయిందనుకోండి, ఆ కాపు చాలావరకు పోయి తొమ్మిది ఆంపియర్లు యాభై దాకా ఎగబాకుతుంది. వేడి ఆంపియర్ల వర్గంలో పెరుగుతుంది కాబట్టి, కరెంటు ఐదున్నర రెట్లయితే వైండింగ్‌లో వేడి ముప్ఫై రెట్లు. ఓవర్‌లోడ్ రిలే (కరెంటు మించితే మోటారును ఆపేది) సెట్టింగు పైకి తిప్పి పెట్టుకున్నవాళ్ల మోటార్లు మా షాపుకు నల్లగా మాడిన వార్నిష్ వాసనతో వచ్చేది ఇందుకే.

లో వోల్టేజిలో గీజరుకూ మోటారుకూ ఉన్న తేడా తప్పకుండా తెలుసుకోవాలి. వోల్టేజి తగ్గితే గీజరు తన పని తగ్గించుకుంటుంది. మోటారు మొండిది. నీళ్ల బరువు అంతే ఉంది కాబట్టి పనీ దాదాపు అంతే చేస్తుంది, తగ్గిన వోల్టులకు బదులు ఆంపియర్లు పెంచుకుంటుంది. సప్లై రాగానే ఆటో స్టార్టర్లు పెట్టుకున్న మోటార్లన్నీ ఒకేసారి లేచి, ట్రాన్స్‌ఫార్మరు మీద 415 కాస్తా 330కి పడిందనుకుందాం. తొమ్మిది ఆంపియర్లు పదకొండు దాటుతాయి, వైండింగ్‌లో వేడి ఒకటిన్నర రెట్లకు మించుతుంది. ఆటో స్టార్టరు వద్దని లైన్‌మెన్లు మొత్తుకునేది ఊరికే కాదు.

మోటారు మీద ఓములు కొలవడం దండగ అనుకోకండి. వాట్లు చెప్పకపోయినా, ఆరోగ్యం చెబుతాయి. మూడు జతల మధ్య కొలిస్తే మూడూ దాదాపు సమానంగా రావాలి. బాగా తేడా వచ్చిందంటే ఎక్కడో చుట్లు కలిసిపోయాయి. కొలత స్టార్టరు దగ్గర తీసుకుంటే కేబులు ఓములు కూడా కలుస్తాయని మరవకండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కిలోమీటరుకు 7.4 ఓములు. నూరు మీటర్ల బోరులో పోనూ రానూ రెండు వందల మీటర్లు, అంటే ఒకటిన్నర ఓము. మోటారు 4 అయితే పైన 5.5 చూపిస్తుంది.

రాగి కూడా వేడికి మారుతుంది, టంగ్‌స్టన్ అంత కాకపోయినా. నేల పైన ఉండే మోనోబ్లాక్ మోటారు (పంపూ మోటారూ ఒకే బాడీగా ఉండేది) లోపల ఎంత వేడెక్కిందో థర్మామీటరు లేకుండా దీనితోనే తేల్చవచ్చు. ఉదయం 30 డిగ్రీలప్పుడు 4.0 ఓములు, రెండు గంటలు నడిపి ఆపగానే 5.0 అనుకోండి. చల్లటి ఉష్ణోగ్రతకు, రాగి లెక్కల్లో వాడే స్థిర సంఖ్య 234.5 కలిపితే 264.5. దాన్ని 5 బై 4తో గుణిస్తే 330.6. మళ్లీ 234.5 తీసేయండి. వైండింగ్ సగటు వేడి 96 డిగ్రీలు. బాడీ మీద చెయ్యి పెట్టి చెప్పే అంచనా కన్నా ఇది ఎంతో నయం.

కొలిచే పద్ధతి గురించి నాలుగు మాటలు. ఓములు కొలిచేటప్పుడు వస్తువును సప్లై నుంచి పూర్తిగా విడదీయాలి, ఫేజ్, న్యూట్రల్ రెండూ. మీటరు వైర్ల కొనలు ఒకదానికొకటి తాకిస్తే వచ్చే 0.3 లాంటి అంకెను ప్రతి రీడింగులోంచి తీసేయాలి. ఆంపియర్లకు క్లాంప్ మీటరే మేలు, అదీ ఒక్క వైరు చుట్టూనే. మొత్తం త్రాడును పట్టిస్తే పోయే కరెంటు, వచ్చే కరెంటు కొట్టుకుని సున్నా చూపిస్తుంది. మల్టీమీటరులో 10 ఆంపియర్ల రంధ్రం జోలికి మాత్రం ఇంట్లో వెళ్లొద్దు. పనిలో చేరిన కొత్తలో, ఎర్ర వైరు ఆ రంధ్రంలోనే మరిచిపోయి, వోల్టేజి చూద్దామని నేను సాకెట్‌లో పెట్టాను. నీలం మంట, చెవులు గింగురుమనే చప్పుడు. రెండు మొనలూ కరిగి గుండ్రంగా ముత్యాల్లా అయ్యాయి. మా మేస్త్రి తిట్టలేదు, కాగితం చేతికిచ్చి "లెక్క కట్టరా" అన్నాడు. ఆంపియర్ల రంధ్రం రెసిస్టెన్స్ దాదాపు సున్నా, సర్వీసు వైర్లూ ఇంటి వైర్లూ కలిపి 0.8 ఓము అనుకుంటే 230 బై 0.8, అంటే 287 ఆంపియర్లు. ఆ మొనలు ఆయన గల్లాపెట్టెలో చాలాకాలం ఉన్నాయి.

సరే, మీ ప్లగ్గు. బోర్డు దగ్గర 225, గీజరు దగ్గర 214. మధ్యలో 11 వోల్టులు ఎక్కడో పోయాయి. అదే 8.1 ఆంపియర్లు ఆ దారంతా నడిచాయి కాబట్టి 11 బై 8.1, ఆ దారి మొత్తం రెసిస్టెన్స్ 1.36 ఓములు. ఇందులో వైరు వాటా ఎంత? పోనూ రానూ 40 మీటర్లు, 0.3 ఓము. దాని మీద పోయేది రెండున్నర వోల్టుల లోపే, అది సహజం. మిగిలిన ఒక ఓము పైచిలుకు వైరుది కాదు. సాకెట్‌లో రంగు మారిన ఆ రంధ్రంలో పిన్నుకూ ఇత్తడి రేకుకూ మధ్య పట్టు వదిలిన చోటుదే అయ్యుండాలి.

అక్కడ పుట్టే వేడి 8.1 ఇంటూ 8.1 ఇంటూ 1.06, దాదాపు 70 వాట్లు. కరెంటు పారే తీగలో వేడి ఆంపియర్ల వర్గంతో పెరుగుతుందని 1841లో జూల్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త తేల్చింది సరిగ్గా ఈ లెక్కనే. నా టేబుల్ మీద ఉండే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది, సీసం కరిగిస్తుంది. దాదాపు అలాంటివి మూడు మీ సాకెట్‌లో ఒక కందిగింజంత చోట కూర్చున్నాయి. వేడికి రేకు స్ప్రింగు ఇంకా మెత్తబడుతుంది, పట్టు ఇంకా వదులవుతుంది, ఓములు ఇంకా పెరుగుతాయి. ఎంసీబీ (కరెంటు మించితే దానంతటదే పడిపోయే స్విచ్) దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే దానికి కనిపించేది మామూలు ఎనిమిది ఆంపియర్లే. పైగా ఆ 70 వాట్లూ మీ బిల్లు మీటరులోంచే పోతున్నాయి, బిల్లూ మీరే కడుతున్నారు.

సాకెట్, ప్లగ్గు రెండూ 16 ఆంపియర్లవి కొత్తవి వేయించండి. పాత ప్లగ్గు పిన్నును గరుకు కాగితంతో రుద్ది కొత్త సాకెట్‌లో పెట్టకండి, కొత్తదీ పాడవుతుంది. సాకెట్ వెనక వైరు ఇన్సులేషన్ గట్టిపడి పెళుసుగా ఉంటే, మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోయించి అప్పుడు స్క్రూ బిగించమనండి. తరవాత అదే మెకానిక్‌తో మళ్లీ కొలిపించండి. బోర్డు దగ్గర 225 ఉంటే గీజరు దగ్గర 222కి అటూ ఇటూ రావాలి, కరెంటు 8.4. 220కి దిగువన ఉంటే ఎంసీబీ టెర్మినల్ గానీ మధ్యలో ఏదైనా జంక్షన్ బాక్స్ గానీ చూడమనండి, వదులైన జాయింటు ఇంకోటి ఉన్నట్టే.